పనిబల్ల

పనిముట్టును పట్టేది చేయి. పనిని పట్టేది బల్ల. చేతిని గురించి, పనిముట్టును గురించి లోకం ఎంతో చెప్పుకొంది. శిల్పి ఉలిని కవులు పొగడారు, సాలెవాని మగ్గాన్ని పాటలు కీర్తించాయి. కాని ఆ పనినంతా కదలకుండా మోసిన బల్లను తలచినవారు అరుదు. వస్తువు తయారై అంగడికి చేరిన తరువాత బల్ల వెనుకనే నిలిచిపోతుంది. అయినా ఆ వస్తువులో కనిపించే తిన్నదనం, నునుపు, కొలత అన్నీ తొలుత బల్లలో ఉన్నవే. వంకర బల్లమీద తిన్నని వస్తువు పుట్టదు.

ఈ సత్యాన్ని గ్రహించడానికి గాలపు కోల చక్కని ఉదాహరణ. చేపలు పట్టే గాలానికి దారం, బెండు, సీసపు గుండు, ఎర ఎంత ముఖ్యమో, వాటిని మోసే కోల అంత ముఖ్యం. పల్లెల్లో చెరువు గట్టున కూర్చున్న పిల్లవాని చేతిలో ఉండేది ఒక సన్నని వెదురు కర్ర. కొనుగోలుదారు చేతి పొడవును, అతడు పట్టదలచిన చేప బరువును బట్టి ప్రత్యేకంగా తయారుచేసే కోల వేరు. దానిని ఒక్కొక్కటిగా, కొలతకు, చేతితోనే చేస్తారు. అటువంటి కోలను చేయదలచినవాడు ముందుగా చేయవలసింది కోల కాదు, బల్ల.

తిరుపతికి తూర్పున ఉన్న రేణిగుంట ఈ విషయాన్ని ఆలోచించడానికి అనువైన చోటు. ఊరి పేరులోనే గుంట ఉంది. చేరువలో స్వర్ణముఖి నది. చుట్టుపట్ల వానాకాలంలో నిండే చెరువులు. వాయవ్యాన శేషాచలం కొండలు. మద్రాసు నుండి బొంబాయికి పోయే రైలుమార్గమూ, గూడూరు నుండి కాట్పాడికి పోయే మార్గమూ కలిసే కూడలి కావడం వల్ల ఎక్కడి సరుకైనా ఇక్కడి నుండి ఎటైనా పోగలదు. రేణిగుంటకు, శ్రీకాళహస్తికి నడుమ ఏర్పేడు మండలంలో ఉన్న మాధవమాల గ్రామం కొయ్య శిల్పాలకు పేరుపొందింది. అంటే నీరు, వెదురు, కొయ్యపని తెలిసిన చేయి, రవాణా నాలుగూ ఇక్కడ దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

శేషాచలం కొండల్లో పెరిగే వెదురులో సాధనపు వెదురు ఒక జాతి. వృక్షశాస్త్రంలో దీనిని డెండ్రోకాలమస్ స్ట్రిక్టస్ అంటారు. మెట్ట నేలల్లో, తక్కువ వానల్లో పెరిగే ఈ వెదురు కాడలో బోలు చాలా తక్కువ. కొన్ని కాడలు దాదాపు గట్టిగానే ఉంటాయి. అందువల్ల బల్లెపు కర్రలకు, చేతికర్రలకు, నిచ్చెనలకు దీనిని వాడేవారు. ఇదే జాతి ఉత్తర భారతంలోనూ విస్తారంగా పెరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ వెదురు కలకత్తా రేవునుండి ఓడలెక్కి ఇంగ్లండుకు, అమెరికాకు పోయేది. అక్కడి గాలపు కోలల పనివారు దానిని ‘కలకత్తా కేన్’ అని పిలిచేవారు. ఆ కాడలమీద నిప్పుతో కాల్చిన మచ్చలు ఉండేవి; మచ్చపడిన చోట నార బలహీనపడుతుందని పనివారు మంచి భాగాలను ఏరుకొనేవారు.

ఆ దేశాలలో ఆ వెదురును ఏం చేశారు? అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఈస్టన్ పట్టణానికి చెందిన శామ్యూల్ ఫిలిపీ వృత్తిరీత్యా తుపాకులు చేసేవాడు. ఆయన 1840ల దశాబ్దంలో వెదురును బద్దలుగా చీల్చి, వాటి అంచులను వాలుగా చెక్కి, తిరిగి జిగురుతో అతికి కోలలు చేశాడు. తరువాత మెయిన్ రాష్ట్రంలోని బాంగర్ పట్టణంలో హైరమ్ లెనార్డ్ 1870ల దశాబ్దంలో ఆరు బద్దల కోలలను పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మాడు. బద్దలను కోణానికి కోసే యంత్రాన్ని ఆయన పరుల కంటపడకుండా తాళం వేసిన గదిలో ఉంచేవాడని చెబుతారు. దాచవలసినంత విలువైనది వెదురు కాదు. వెదురును కొలతకు పట్టి నిలిపే సాధనం.

ఆ కాలంలోనే మద్రాసు రాజధానిలో సివిల్ సర్వీసు అధికారిగా ఉన్న హెన్రీ సలివన్ థామస్ భారతదేశంలో గాలంతో చేపలు పట్టడాన్ని గురించి 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. నేటి తిరుపతి, చిత్తూరు ప్రాంతాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. వెదురు ఇక్కడిది, చేపలు ఇక్కడివి, నీళ్లు ఇక్కడివి. కొలతకు చేసిన ఖరీదైన కోల మాత్రం సముద్రం దాటి వచ్చేది. ఒక బండి వెదురు అమ్మితే వచ్చే సొమ్ముకూ, అదే వెదురునుండి చేసిన కోలలను అమ్మితే వచ్చే సొమ్ముకూ ఎక్కడా పోలిక లేదు. ఆ తేడా అంతా వెదురు చీలిన క్షణానికీ, కోల పూర్తయిన క్షణానికీ మధ్య జరిగిన పనిలో ఉంది. ఆ పని జరిగింది బల్లమీద.

ఆ పని ఎంత సున్నితమైనదో లెక్క చెబుతుంది. వెదురు కాడలో బలమైన నార పైతొక్కకు దగ్గరగా దట్టంగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పలచబడుతుంది. అందుచేత పనివాడు పైతొక్కను ముట్టుకోకుండా లోపలి భాగాన్ని చెక్కివేస్తాడు. ప్రతి బద్దనూ 60 డిగ్రీల కోణాలతో త్రికోణంగా తీరుస్తాడు. అటువంటి ఆరు బద్దలను చేర్చితే షట్కోణపు కోల ఏర్పడుతుంది. మొదలు లావుగా, కొస సన్నగా ఉండాలి. కొసన ఒక్కొక్క బద్ద ఎత్తు ఒక మిల్లీమీటరుకు లోపే. కొలతలో పనివాడు పాటించే హద్దు అంగుళంలో వెయ్యో వంతు. అది తలవెంట్రుక మందంలో సుమారు మూడో వంతు మాత్రమే.

ఇంత పట్టింపు ఎందుకన్న సందేహం కలుగవచ్చు. కోల వంగకుండా నిలిచే బిగువు దాని మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. మందం నూటికి 5 పాళ్లు తగ్గితే బిగువు నూటికి 18 పాళ్లకు మించి తగ్గుతుంది. కంటికి కనిపించని లోటు చేతికి తెలుస్తుంది. బరువైన చేప పడి లాగినప్పుడు కోల మొదటినుండి కొసదాకా విల్లులా సమంగా వంగాలి. ఒకచోట పలచబడితే భారమంతా అక్కడికే చేరి కోల విరుగుతుంది. వెయ్యో వంతు అంగుళాన్ని చేయి తనంతట తాను నిలపలేదు. బద్దను గాడిలో ఉంచి, గాడిని బల్లకు బిగించి, చిత్రికను ఒకే తీరున నడిపితేనే ఆ కొలత నిలుస్తుంది. బల్ల వణికితే గాడి వణుకుతుంది. గాడి వణికితే కొలత తప్పుతుంది.

మరి అటువంటి బల్ల ఎలా ఉండాలి? మొదటి గుణం బరువు. చిత్రికను ముందుకు తోసినప్పుడు తేలికైన బల్ల పనితోపాటు తానూ నడుస్తుంది. రెండవది బిగువు, కాళ్లు ఊగరాదు. మూడవది సమతలం, పైభాగం ఎక్కడా గుంటపడకుండా, మెలిక తిరగకుండా ఉండాలి. నాలుగవది పనివాని ఒడ్డూ పొడుగుకు తగిన ఎత్తు. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలినప్పుడు మణికట్టు ఎక్కడికి వస్తుందో చిత్రిక పట్టే బల్ల ఎత్తు సుమారుగా అక్కడికి ఉండాలని వడ్రంగుల లెక్క. దారం చుట్టడం వంటి సన్నపనికి బల్ల ఇంకొంచెం ఎత్తుగా ఉంటే వెన్ను వంగదు. కోలను రెండు మూడు ముక్కలుగా చేసి అతుకుతారు కనుక 7 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం గల పైచెక్క చాలుతుంది.

కొయ్య ఎంపికలో ఈ ప్రాంతపు పనివాడు ఒక మాట గుర్తుంచుకోవాలి. శేషాచలం పేరు చెప్పగానే ఎర్రచందనం తలపుకు వస్తుంది. నీట మునిగేంత బరువు, గట్టిదనం దానికి ఉన్నాయి. కాని అది ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలో మాత్రమే సహజంగా పెరిగే అరుదైన వృక్షం. అనుమతి లేకుండా దానిని నరకడం, తరలించడం నేరం. పనిబల్లకు దాని అవసరమూ లేదు. కాళ్లకు తుమ్మ, పైచెక్కకు వేప లేదా బాగా ఆరిన మామిడి సరిపోతాయి. పొలం గట్టున పెరిగే చెట్లే గట్టి బల్లకు చాలు.

కొయ్యను ఆరబెట్టడం ఓర్పుతో చేయవలసిన పని. పచ్చికొయ్యతో చేసిన బల్ల ఆరేకొద్దీ మెలిక తిరుగుతుంది. చెక్కలను నీడలో, గాలి తగిలేలా నడుమ పుల్లలు పెట్టి పేర్చాలి. ఆరిన కొయ్య కూడా పూర్తిగా నిశ్చలం కాదు. గాలిలోని తేమను బట్టి అది ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. ఈ మార్పు నార వెంట పొడవునా దాదాపు ఉండదు. నారకు అడ్డంగా వెడల్పులో ఉంటుంది. రేణిగుంటలో వేసవి ఎండకూ, అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాల తేమకూ మధ్య ఒకటిన్నర అడుగుల పైచెక్క కొన్ని మిల్లీమీటర్లు పెరిగి తరగవచ్చు. ఈ సంగతి తెలియక పైచెక్కను నాలుగు వైపులా మేకులతో బిగిస్తే అది తప్పక చీలుతుంది. మర మేకులు దూరే రంధ్రాలను కొంచెం సాగదీసి తొలిస్తే చెక్కకు మెసలడానికి చోటుంటుంది. కొయ్య స్వభావాన్ని అణచడం కాక, దానికి తావిచ్చి బిగించడమే వడ్రంగి నేర్పు.

కాళ్లకూ అడ్డకమ్మలకూ మేకులకంటే పాత అతుకే మేలు. ఒక కొయ్యలో చదరపు రంధ్రం తొలిచి, రెండో కొయ్య కొసను ఆ రంధ్రంలో సరిగ్గా దూరేలా నాలుకవలె చెక్కి, రెండింటినీ చేర్చి చీల దిగవేస్తారు. దేవాలయ రథాలను నిలిపినది ఈ అతుకే. నేలకు చేరువగా అడ్డకమ్మలు వేస్తే కాళ్లు ఊగవు. ఆపైన పైచెక్కను సమం చేయాలి. రెండు తిన్నని బద్దలను పైచెక్కకు రెండు చివరలా అడ్డంగా నిలిపి, ఒక కొసనుండి కన్ను మూసి చూస్తే వాటి పై అంచులు ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే మెలిక ఉన్నట్లే. ఎత్తైన మూలలను చిత్రికతో తీసి, మళ్లీ చూసి, మళ్లీ తీయాలి. రసమట్టం బల్ల వాలును చెబుతుంది. మెలికను పట్టిచ్చేవి ఈ రెండు బద్దలే.

తుదిమెరుగు విషయంలో పనిబల్లకూ, ఇంటిలోని బల్లకూ తేడా ఉంది. అద్దంలా మెరిసే వార్నిష్ పనిబల్లకు తగదు. పైనున్న పని జారిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనెను పలచగా పట్టించి, పీల్చుకోగా మిగిలిన నూనెను గుడ్డతో తుడిచివేస్తే చాలు. అవిసె నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడవేస్తే ఆ వేడి బయటికి పోలేక వాటంతట అవే అంటుకొని కార్ఖానా తగలబడవచ్చు. అందువల్ల వాటిని విడదీసి ఆరవేయాలి, లేదా నీటిలో తడిపి ఉంచాలి. చిన్నదిగా కనిపించే ఈ జాగ్రత్త ప్రాణరక్షకం.

నేటి కోలలు ఎక్కువగా వెదురువి కావు. చైనాలోని టాంకిన్ వెదురు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కలకత్తా వెదురును వెనుకకు నెట్టింది. 1950లో అమెరికా చైనాతో వాణిజ్యాన్ని నిషేధించడంతో ఆ వెదురు రాక ఆగి, గాజునార కోలలకు గిరాకీ పెరిగింది. 1970ల దశాబ్దంలో కార్బన్ నార వచ్చింది. నేడు ప్రత్యేకంగా కోలలు చేసేవారు చాలామంది సిద్ధమైన నారదండాన్ని కొని, దానికి పిడి, దారం పోయే ఉంగరాలు అమర్చుతారు. పదార్థం మారింది, బల్ల అవసరం తీరలేదు.

ఈ పనికి బల్లమీద కొన్ని అదనపు ఏర్పాట్లు కావాలి. నడుమ కోణంగా గాడి తీసి, గాడికి మెత్తని గుడ్డ అంటించిన చిన్న చెక్కలు మూడింటిని ఒకే వరుసలో నిలుపుతారు. దండం వాటిపై పడుకొంటుంది. వరుస తప్పకుండా నూలుదారం సాగలాగి చూస్తారు. దండాన్ని కొద్దిగా వంచి తిప్పితే ఒక పక్కకు తానే తిరిగి నిలుస్తుంది. దానిని బట్టి ఉంగరాల వరుసను నిర్ణయిస్తారు. ఎన్ని ఉంగరాలు కావాలన్నదానికి పనివారి పాతలెక్క అడుగుకొకటి, పైన మరొకటి. ఉంగరాల పాదాలను పట్టుదారంతో చుట్టి, దానిపై జిగురు పూత వేస్తారు. పూత గట్టిపడడానికి గంటలు పడుతుంది. అంతసేపూ దండం కదలకుండా ఉంటే పూత కిందికి దిగి బొట్టు కడుతుంది. అందుకని చిన్న మోటారు సాయంతో నిమిషానికి కొన్ని చుట్లు మాత్రమే తిరిగేలా అమర్చుతారు. గాడులు ఒక వరుసలో లేకపోతే దండం ఎగిరెగిరి తిరుగుతుంది. బల్ల తిన్నదనం చివరి పూతదాకా వెంట వస్తుంది.

బల్ల లేనివాడు పనివాడు కాడా అన్న ప్రశ్నకు సమాధానం కాదనే. తెలుగునాట మేదరి నేలమీద కూర్చొని, కాలి బొటనవేలితో వెదురును అదిమి, కత్తితో చీల్చి, కొలబద్ద లేకుండానే సమానమైన బద్దలు తీస్తాడు. ఆ బద్దలనుండే బుట్టలు, చేటలు, గంపలు, దడులు వచ్చాయి. కొయ్య శిల్పి కూడా నేలమీదనే కూర్చొని, కొయ్యను కాళ్ల నడుమ ఇరికించి దేవతామూర్తిని చెక్కుతాడు. జపాను వడ్రంగులు సైతం నేలమీదనే పనిచేస్తారు. నేలపని తక్కువదని తలచడం తప్పు. ఐతే కంటి కొలత ఆ కంటితోనే పోతుంది. ముప్పై ఏళ్ల అభ్యాసంతో వచ్చిన నేర్పు ఆ చేతితోనే ముగుస్తుంది. వెన్ను వంగిపోయిన మేదరి కొడుకు ఆ పనికి రానంటే అతనిని తప్పుపట్టలేము. ప్లాస్టిక్ బుట్ట అంగట్లోకి వచ్చిన తరువాత ఆ వృత్తికి మిగిలిన ఆదాయమూ తరిగింది.

పనిబల్ల ఈ నేర్పును తోసివేయదు, దాచిపెడుతుంది. ఒకసారి సరిగా తీసిన గాడిలో కొలత నిలిచి ఉంటుంది. కొత్తగా నేర్చుకొనే యువకుడు ఆ గాడిలో బద్దను ఉంచితే అనుభవజ్ఞుని కొలత అతని చేతికి అందుతుంది. నిలబడి పనిచేయడం వల్ల వెన్ను నిలుస్తుంది. వస్తువు ప్రతిసారీ ఒకే కొలతకు వస్తుంది కనుక దూరపు కొనుగోలుదారు నమ్ముతాడు. నమ్మకం ఉన్నచోట ధర ఉంటుంది. అమెరికా పనివారు గెలిచింది కేవలం బల్లవల్లనే అనడం సరికాదు. వారికి పెట్టుబడి ఉంది, తీరికగల ధనిక కొనుగోలుదారులు ఉన్నారు. కాని ఆ రెండూ ఉన్నా బల్ల లేకుంటే ఆ కోల పుట్టేది కాదు.

2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి కాని నేలలో పెంచిన వెదురును ‘చెట్టు’ అన్న నిర్వచనం నుండి తొలగించారు. రైతు తన పొలంలో పెంచిన వెదురును నరకడానికి, తరలించడానికి అడ్డంకులు దీనితో తగ్గాయి. శేషాచలం అడవిలోని వెదురు రక్షిత ప్రాంతంలోనిది, దానిని ముట్టరాదు. పొలంలోని వెదురు మాత్రం రైతుది. అయితే వెదురును పెంచడం సగం పనే. దానిని కాడలుగానే రైలెక్కిస్తే నూటయాభై ఏళ్లనాటి కథే మళ్లీ నడుస్తుంది. కోలగానో, కుర్చీగానో, వాద్యంగానో మార్చి పంపితే కూలీ డబ్బుతోపాటు నేర్పు విలువ కూడా ఊరిలోనే నిలుస్తుంది.

ముడిసరుకు ఏ దేశంలో పుట్టిందన్నది ప్రకృతి నిర్ణయం. దాని విలువ ఎక్కడ పెరగాలన్నది మనుషుల నిర్ణయం. ఆ నిర్ణయానికి తొలి గుర్తుగా ఒక ఊరిలో, ఒక పాకలో, నాలుగు కాళ్లమీద కదలకుండా నిలిచిన తిన్నని పనిబల్ల ఉండాలి. దానికి కావలసినది వేపచెక్క, తుమ్మకాళ్లు, ఆరేదాకా ఆగే ఓర్పు, మెలికను చూడగల కన్ను. ఇవేవీ దూరదేశం నుండి తెప్పించుకోవలసినవి కావు.

కఠిన పదాలు – అర్థాలు

గాలపు కోల : గాలపు దారాన్ని కట్టి చేపలు పట్టే పొడవైన కర్ర
బద్ద : చీల్చిన సన్నని పొడవాటి ముక్క
చిత్రిక : చెక్కను నునుపు చేసే వడ్రంగి పనిముట్టు
మెలిక : చెక్క మూలలు ఎగుడుదిగుడుగా తిరిగిపోవడం
కమ్మ : కాళ్లను కలిపే అడ్డపు కొయ్య
చీల : అతుకును బిగించే కొయ్య మేకు
మేదరి : వెదురుపని వృత్తిగా గలవాడు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పనిబల్లకు ఉండవలసిన గుణాలను, దానిని నిర్మించే తీరును వివరించండి.
2. “దాచవలసినంత విలువైనది వెదురు కాదు” అన్న వాక్యాన్ని పాఠ్యభాగం ఆధారంగా సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పైచెక్కను నాలుగు వైపులా మేకులతో బిగించకూడదనడానికి కారణం ఏమిటి?
2. అవిసె నూనె గుడ్డల విషయంలో పాటించవలసిన జాగ్రత్త ఏది?
3. మేదరి నేర్పుకు, పనిబల్లకు గల సంబంధాన్ని తెలపండి.

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వంకర బల్లమీద తిన్నని వస్తువు పుట్టదు.
2. నమ్మకం ఉన్నచోట ధర ఉంటుంది.